మిల్లు గోడ దగ్గర స్టేజీ

"బస్సు స్టేజీలన్నీ ఒక పటంలోకి ఎక్కిస్తున్నాం టీచర్. మీ పాత నోటుపుస్తకాలు ఒకసారి చూడనిస్తారా?" అని ఆమె అడగగానే నేను మంచినీళ్ళ మిషతో లోపలి గదిలోకి వెళ్ళి బీరువా తాళం లాగి చూసుకున్నాను. పడే ఉంది. అప్పుడు నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

ఆమె ఒకప్పుడు నా దగ్గర లెక్కలు చదువుకున్న పిల్ల. ఇప్పుడు కోదాడలో కాలేజీలో పాఠాలు చెబుతుంది. చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. జూలైలో రెండో శనివారం, పదీ ఇరవైకి సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది, సంచిలో బత్తాయిలతో. పన్నెండు. పనిబడి వచ్చేవాళ్ళే పండ్లు తెస్తారు.

"పటం ఎవరిది?" అన్నాను.

"ఎవరిదీ కాదు టీచర్. అందరిదీ. ఎవరైనా ఫోన్లో తెరిచి తమకు తెలిసింది రాయొచ్చు. తప్పుంటే ఇంకొకరు దిద్దొచ్చు."

"పైసలెవరిస్తరు?"

"ఎవరూ ఇవ్వరు."

"మరి ఎందుకు చేస్తున్నవ్?"

"ఉంటే బాగుంటుందని."

ఈ మాట నాకు మింగుడు పడలేదు. జీతం లేకుండా, సెలవు రోజున, ఎండలో బస్సులెక్కి తిరిగేవాళ్ళను నేను ఎన్నికలప్పుడు తప్ప చూడలేదు. అంతకుముందు ఏడాది మా వీధిలో ఒకాయన ఇట్లాగే ఫోను పట్టుకుని ఇల్లిల్లూ ఫొటో తీసుకున్నాడు. సర్వే అన్నాడు. నెల తిరగకముందే ప్లాట్లు కొంటారా, ఇల్లు అమ్ముతారా అని ఫోన్ల మీద ఫోన్లు. పదిహేడు నంబర్లు రాసిపెట్టుకున్నాను.

"తప్పు రాస్తే పట్టుకునేదెవరు?"

"చూసినవాళ్ళే దిద్దుతారు."

"అంటే పరీక్ష పేపరు పిల్లల చేతికే ఇచ్చి మార్కులేసుకోమన్నట్టు."

ఆమె నవ్వింది. నేను నవ్వలేదు. ఆడవాళ్ళకు టికెట్టు పైసలే లేనప్పుడు స్టేజీలెక్కడుంటే ఏమిటన్నాను. మగవాళ్ళు కొంటున్నారు కదా అంది. కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళకు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంతో తెలియాలి కదా అంది. పల్లెవెలుగు బస్సులో ఛార్జీ ఊరూరికీ మారదు, స్టేజీ స్టేజీకి మారుతుంది. ఎక్కిన చోటు స్టేజీ కాకపోతే వెనక స్టేజీ నుంచి లెక్కకడతారు. దిగే చోటు స్టేజీ కాకపోతే ముందు స్టేజీ దాకా కడతారు. అందుకని స్టేజీ ఏ చెట్టు దగ్గరో, ఏ గోడ దగ్గరో ఖచ్చితంగా తెలియకపోతే ఛార్జీ సరైందో కాదో ఎవరూ చెప్పలేరు. ఇది నేను ఆమెకు చెప్పనక్కర్లేదు. ఆమెకు ఆ సంగతి నేర్పింది నేనే, తొమ్మిదో తరగతిలో, నా బస్సు టికెట్లు చూపించి.

మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ వెళ్ళే దారిలో ఒక ఊరి బళ్ళో నేను పందొమ్మిదేళ్ళు పనిచేశాను. అప్పుడు మా కాపురం మిర్యాలగూడలో, రోజూ బస్సే. ఎక్కిన వేళ, దిగిన వేళ, ఇచ్చిన ఛార్జీ నోటుపుస్తకంలో రాసి, పక్కన టికెట్టు అన్నం మెతుకుతో అంటించేదాన్ని. ఏడాదికొక పుస్తకం. పందొమ్మిది పుస్తకాలు. ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాను: రేపు ఎవరైనా లేదంటే చూపించడానికి.

ఒకసారి చూపించాను కూడా. అదీ ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా దాని మీదే నిలబడింది.

మా బడి పక్కనే బియ్యం మిల్లు. దాని పొడుగాటి గోడ పక్కన బస్సు ఆగేది. నేను దిగి బడి గేటు దాకా నడిచినా బస్సు కదిలేది కాదు. కండక్టరు వెనక నుంచి ముందుకు టికెట్లిచ్చుకుంటూ వచ్చి, తన కాగితం మీద ఏదో రాసుకుని, అప్పుడు రైట్ అనేవాడు. రెండు నిమిషాలు, ఒక్కోరోజు మూడు. స్టేజీ కాకపోతే అంతసేపు ఎందుకాగుతుంది? అందుకని నా పుస్తకంలో "మిల్లు గోడ – స్టేజీ" అని రాసుకున్నాను, మొదటి ఏడాది మొదటి పేజీలోనే.

నేను ఆ గోడ దగ్గర హుజూర్‌నగర్ వైపు బస్సెక్కింది ఉద్యోగం మొత్తంలో ఒక్కరోజే. పరీక్ష పేపర్లు దిద్దే పనికి కోదాడ వెళ్ళాల్సి వచ్చింది. కండక్టరు నాకు వెనక స్టేజీ నుంచి టికెట్టు కొట్టాడు. ఒక రూపాయి ఎక్కువ. ఇది స్టేజీయే కదా అన్నాను. కాదన్నాడు. నేను ఆ సాయంత్రమే డిపోకు అర్జీ రాశాను. స్టేజీలో ఎక్కినా వెనక స్టేజీ నుంచి లెక్కకట్టి రూపాయి అదనంగా తీసుకున్నాడని రాశాను. మర్యాద లేకుండా గట్టిగా మాట్లాడాడని రాశాను. టికెట్టు జతచేశాను. రెండు నెలలకు కార్డు వచ్చింది: తగిన చర్య తీసుకున్నాము. ఆ తర్వాత అతను ఆ దారిలో మళ్ళీ కనిపించలేదు. దేవరకొండ వైపు వేశారని ఎవరో అన్నారు. నేను ఆ కార్డును స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించాను. ఎవరైనా లెక్క తప్పితే ఏమవుతుందో పిల్లలకు కూడా చెప్పేదాన్ని.

ఇవన్నీ మనసులో ఉండగానే, బత్తాయిలు తెచ్చిన పిల్లకు షరతులు పెట్టాను. పుస్తకాలు గడప దాటవు. పేజీ నేను తిప్పుతాను, నువ్వు చూడాలి. ప్రతి స్టేజీ కిందా ఇది ఎవరి పుస్తకం నుంచి వచ్చిందో రాయాలి, నా పేరు లేకుండా.

"పేరు లేకపోతే ఎవరిదని రాయను టీచర్?"

"పందొమ్మిదేళ్ళు ఈ దారిల తిరిగిన లెక్కల టీచరు నోటుపుస్తకం అని రాయి. చాలు."

రాసింది. మూడు శనివారాలు వచ్చింది. ఆమె వెళ్ళాక పుస్తకాలు లెక్కపెట్టుకునేదాన్ని. పందొమ్మిదీ ఉండేవి. ఫోన్లో పటం మీద ఊళ్ళు, వాగులు, మధ్య మధ్య ఆమె పెట్టిన నీలం చుక్కలు. మిల్లు గోడ దగ్గర చుక్క పెట్టినప్పుడు మాత్రం అద్దాలు తుడుచుకుని దగ్గర నుంచి చూశాను. "ఇంకొంచెం ఇవతలికి," అన్నాను. జరిపింది.

నాలుగో శనివారం ఆమె రాలేదు. ఫోన్ చేసింది.

"టీచర్, మన మిల్లు చుక్కను ఎవరో జరిపారు."

"ఎటు?"

"హుజూర్‌నగర్ వైపు. కాలువ వంతెన దగ్గరికి. కిలోమీటరు దాకా ఉంటుంది."

"ఎవరు?"

"పేరు లేదు. ఏదో ముద్దుపేరు పెట్టుకున్నారు. ఊరు తెలీదు."

కాలువ వంతెన దగ్గర వెంచరు పడిందని నాకు తెలుసు. రంగు జెండాలు, సిమెంటు రాళ్ళు. ఛార్జీ స్టేజీ అక్కడుందంటే ప్లాటుకు గజానికి వంద పెరుగుతుంది. నేను అనుకున్నదే అయింది. "వెనక్కి జరుపు," అన్నాను. జరిపింది. రెండు రోజులకు అది మళ్ళీ వంతెన దగ్గరికి పోయింది. ఈసారి కింద ఒక మాట కూడా ఉంది. ఆమె ఫోన్లో చదివి వినిపించింది:

"మిల్లు గోడ దగ్గర బస్సు ఆపేది టికెట్లు పూర్తి చేసుకోవడానికి. స్టేజీ దాటేలోపు అందరికీ టికెట్టు ఇచ్చి కాగితం మూసెయ్యాలి. అందుకే ముందే ఆపుతరు. స్టేజీ వంతెన దగ్గర."

మళ్ళీ చదవమన్నాను. చదివింది.

ప్లాట్లమ్మేవాడికి ఈ సంగతి ఎట్లా తెలుస్తుంది? తెలిసినవాడిని అడిగి రాసి ఉండొచ్చు అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు అవసరమైంది. చుక్క మిల్లు గోడ దగ్గర నిలిస్తే నేను రాసిన అర్జీ నిజం. వంతెన దగ్గర నిలిస్తే, ఒక మనిషి న్యాయంగా కొట్టిన టికెట్టుకు నేను అతన్ని ఆ దారిలోంచే వెళ్ళగొట్టించాను.

"పుస్తకం వద్దు, ఫోను వద్దు," అన్నాను. "పోయి బస్సెక్కి చూద్దాం."

శనివారం ఆమె కోదాడ నుంచి, నేను సూర్యాపేట నుంచి మిర్యాలగూడ చేరాం. నా బస్సు పన్నెండు నిమిషాలు ఆలస్యం. అక్కడి నుంచి ఇద్దరం మిల్లు గోడ దాకా వెళ్ళి దిగాం. గోడకు కొత్తగా సున్నం వేశారు. ఉడికిన వడ్ల వాసన మాత్రం అదే. బడి గేటు రంగు మారింది. నేను దాని వైపు ఎక్కువ చూడలేదు. రోడ్డు దాటకుండా అక్కడే నిలబడి, కోదాడ వెళ్ళే వెనక బస్సు కోసం చూశాం. ఆ రోజు ఎక్కినట్టే, అదే చోట ఎక్కాలి.

ముప్పై నాలుగు నిమిషాలకు వచ్చింది. కండక్టరు ఆడమనిషి, నలభై లోపు. ఆధార్ కార్డు చూసి, మిషను నొక్కి, ఇద్దరికీ చెరో సున్నా టికెట్టు చింపి ఇచ్చింది. నేను అద్దాలు పెట్టుకుని చదివాను. ఎక్కిన చోటు అని మిల్లు ఊరు లేదు. వెనక ఊరు ఉంది.

"అమ్మా, మేం ఎక్కింది గీడ. నువ్వు వెనక నుంచి కొట్టినవ్."

"స్టేజీ వెనక్కే ఉన్నది పెద్దమ్మా. ఇక్కడ స్టేజీ లేదు."

"ఎప్పటి నుంచి లేదు?"

"ఎప్పుడూ లేదు. మా మామ గూడ కండక్టరే. ఆయన కాలంల గోడ కాడ ఆపి లెక్క రాసుకునేటోళ్ళట. ఇప్పుడు మిషన్లొచ్చినయ్, మేం లెక్క కోసం ఆపుతలేం."

పక్క సీట్లో పెద్దాయన ఒకరు, గొంగడి మడత మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నాడు. హుజూర్‌నగర్‌లో గొర్రెలు చూడటానికి పోతున్నాడట. "ఉత్త టికెట్టుకు గింత లొల్లి ఎందుకవ్వా?" అన్నాడు. "పైసలు పెట్టి కొన్నోన్ని నేనున్న. నేనే అడుగుతలేను."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, "తాత, నువ్వు అడిగితే గొర్రెకు గూడ కొడ్త," అంది.

వంతెన వచ్చేముందు కండక్టరు నా సీటు దగ్గరికి వచ్చి మిషను నా ముందు పెట్టింది. బస్సు కాలువ మీదికి ఎక్కుతుండగా బటను నొక్కింది. స్టేజీ పేరు మారింది. "సూసినవా పెద్దమ్మా? గిదే." ఆ మాటలో వెక్కిరింపు లేదు. ఉంటే బాగుండేది, ఆమె మీద కోపం తెచ్చుకునేదాన్ని.

నా పిల్ల ఫోను తీయలేదు. హుజూర్‌నగర్‌లో దిగి టీ తాగేటప్పుడు, "చుక్క వంతెన దగ్గరే ఉంచనా టీచర్?" అంది.

"ఉంచు. కింద రాయి. మిల్లు గోడ స్టేజీ అని రాసిచ్చిన టీచరుదే తప్పు. ఇయ్యాల ఎక్కి చూసింది. తారీఖు వెయ్యి."

వేసింది. అంతటితో నా బాకీ తీరిందనుకున్నాను. సున్నా టికెట్టును ఇంటికొచ్చాక మెతుకుతో అంటించాను. పందొమ్మిదో పుస్తకంలో ఖాళీ పేజీలు మిగిలే ఉన్నాయి.

సోమవారం పొద్దున ఆమె కాలేజీకి వెళ్తూ ఫోన్ చేసింది. జవాబొచ్చిందట. చదువు అన్నాను. ఆమె గొంతు సవరించుకుని చదివింది.

"టీచరమ్మా, ఆ నోటుపుస్తకం ఎవరిదో మొదటిరోజే తెలిసింది. రూపాయి సంగతి డిపోలో అప్పుడే కొట్టేసిండ్రు. స్టేజీ ఎక్కడో వాళ్ళకు తెలుసు గద. నన్ను రూటు మార్చింది రెండో మాటకు. గట్టిగ మాట్లాడిన అని రాసిండ్రు. నేను గట్టిగ మాట్లాడలేదు."

"రెండో మాట ఏంటి టీచర్?" అంది. "ఎవరీయన?"

తర్వాత చెబుతానని ఫోన్ పెట్టేశాను.

మొదట నాకు వచ్చింది అనుమానమే. ఎవరైనా విని రాసి ఉండొచ్చు. కానీ కార్డు చదివి వినిపించాను గానీ, అర్జీ ఎవరికీ చదివి వినిపించలేదు. అందులో రెండో మాట ఉందని నాకు తెలుసు, పక్కన కూర్చుని రాయించిన తెలుగు టీచరుకు తెలుసు, డిపోలో చదివినవాళ్ళకు తెలుసు, ఎవరిమీద రాశానో ఆయనకు తెలుసు. తెలుగు టీచరు చనిపోయింది.

బీరువా తీశాను. అర్జీ కార్బను కాపీ ఉంది, మడతల దగ్గర చిరిగి. ఆ ఏడాది పుస్తకం తీసి ఆ రోజు పేజీ చూశాను. ఎక్కిన వేళ, దిగిన వేళ, ఛార్జీ, టికెట్టు అంటించిన మరక. "ఒక రూపాయి ఎక్కువ" అని ఉంది. "స్టేజీ ముందుంది టీచరమ్మా, కూర్చోండి అన్నాడు" అని కూడా ఉంది. అంతే. గట్టిగా అన్నాడని లేదు. దోమ కుట్టినా రాసుకునేదాన్ని నేను. అదే పుస్తకంలో ఇంకో పేజీలో ఒక డ్రైవరు బీడీ తాగాడని, ఎన్ని బీడీలో కూడా ఉంది.

ఆ రోజు తెలుగు టీచరు, "ఒక్క రూపాయికి అర్జీ అంటే నవ్వి పక్కకు పడేస్తరు. గట్టిగ మాట్లాడిండని రాయి, అప్పుడు చూస్తరు," అంది. నేను రాశాను. రాసేటప్పుడు అది అబద్ధమని అనిపించలేదు, అర్జీకి ఉండాల్సిన బరువు అనిపించింది. తర్వాత నెమ్మదిగా నాకే ఆయన గొంతు గట్టిగా వినిపించడం మొదలైంది. ఇన్నేళ్ళూ ఎవరికి ఈ కథ చెప్పినా ఆయన అరిచినట్టే చెప్పాను. పటాన్ని ఎవరైనా దిద్దొచ్చంటే వెటకారం చేసినదాన్ని. నా చేతిలోని కాగితాన్ని దిద్దడానికి ఎవరూ లేరు, ఆయన తప్ప. ఆయన్ను ఎవరూ అడగలేదు.

మంగళవారం డిపోకు వెళ్ళాను. కిటికీ వెనక గుమాస్తా నా కాగితం రెండుసార్లు చదివాడు. పాత అర్జీలో రెండో వాక్యం నిజం కాదు, కండక్టరు మర్యాదగానే మాట్లాడాడు, ఇది నేను నా ఇష్టంతో రాస్తున్నాను అని రాశాను. మూడు వాక్యాలే. బరువు కోసం ఏమీ కలపలేదు.

"ఆయన రిటైరయిండు గదమ్మా. ఇప్పుడెందుకు?"

"ఆయన రిటైరయిండు. కాగితం రిటైర్ కాలేదు గద. ఫైలుల పెట్టు."

"ఫైలు ఉన్నదో లేదో."

"ఉంటే దాంట్ల పెట్టు. లేకుంటే కొత్తది తెరువు. నాకు అందినట్టు ముద్ర వేసియ్యి."

ముద్ర వేశాడు. చూస్తే సోమవారం తారీఖు పడింది. ముద్రలో తారీఖు తిప్పడం మరిచిపోయాడు. మళ్ళీ వేయించాను. వెనక నిలబడ్డవాళ్ళు గొణిగారు. గొణగనిచ్చాను.

సాయంత్రం నా పిల్లకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "మరి ఆయనకు ఏం రాయను టీచర్? అక్కడ రాస్తే అందరూ చదువుతారు."

"నేను కార్డు అందరికీ చదివి వినిపించిన. ఇదీ చదవనీ. రాయి: మీరు గట్టిగ మాట్లాడలేదు. నేనే రాసిన, రాయించినామె లేదు, తప్పు నాది. డిపోల కాగితం ఇచ్చిన."

"క్షమించమని రాయనా?"

"అది ఆయన ఇష్టం. అడిగి ఇబ్బంది పెట్టొద్దు."

ఒక వారం ఏమీ రాలేదు. రెండో వారం ఏమీ రాలేదు. రోజూ అడిగేదాన్ని. తొమ్మిదో సారి అడిగినప్పుడు ఆమె విసుక్కుంది కూడా, పైకి అనకపోయినా. ఆయన చూశాడో లేదో, చూసి ఏమనుకున్నాడో తెలియలేదు. ఆయన ఏ ఊళ్ళో ఉంటాడో కనుక్కోనా అని ఆమె అంది. వద్దన్నాను. ఒకసారి ఆయన బతుకులోకి అడగకుండా వెళ్ళాను. అది చాలు.

మూడో వారం శుక్రవారం ఆమె ఫోన్ చేసింది.

"టీచర్, ఆయన జవాబేం రాయలేదు. కానీ మీ పుస్తకంలోంచి పెట్టిన ఇంకో చుక్క జరిపాడు. మిర్యాలగూడ వైపు, ఊరి చివర మలుపు దగ్గరిది. పదకొండు మీటర్లు."

"కింద ఏమన్న రాసిండా?"

"ఒక్కటే మాట. మలుపు తర్వాత కాదు, మలుపుకు ముందు అని."

ఆ పేజీ తీసి చూశాను. నేను మలుపు తర్వాత అని రాసుకున్నాను, నల్ల సిరాతో, కింద గీత కూడా కొట్టి.

"ఆయన చెప్పాడంటే సరైనదే అయ్యుంటుంది టీచర్," అంది. "ఇక వదిలేద్దామా?"

"ఎట్ల వదుల్తం? శనివారం మిర్యాలగూడ బస్టాండుల తొమ్మిదిన్నరకు ఉండు," అన్నాను. "టేపు నేను తెస్త."